దక్షిణ జార్జియా దీవికి వచ్చిన ఓడలు

అట్లాసు తెరచి దక్షిణ అమెరికా ఖండపు కొసనుండి తూర్పుగా వ్రేలు జరిపినచో మొదట ఫాక్‌లాండ్ దీవులు తగులును. అచ్చటినుండి సముద్రముమీద ఇంకను సుమారు 1,400 కిలోమీటర్లు పోయిన పిమ్మట, దక్షిణ అక్షాంశము 54, 55 డిగ్రీల ప్రాంతమున, కొడవలివలె వంగిన సన్నని దీవి యొకటి కలదు. దాని పేరు దక్షిణ జార్జియా. పొడవు సుమారు 170 కిలోమీటర్లు. వెడల్పు ఎచ్చటను 40 కిలోమీటర్లకు మించదు. నడుమ వెన్నెముకవలె పర్వతశ్రేణి నిలిచియున్నది. అందు పేజెట్ శిఖరము ఎత్తు 2,900 మీటర్లకు పైన. దీవిలో సగమునకు మించిన భాగమును మంచు కప్పియుండును. ఇచ్చట స్థిరనివాసులు లేరు. విమానము దిగుటకు చోటు లేదు. చూడగోరువారు ఓడలోనే పోవలెను.

అట్లు పోవువారు నేడు ప్రతి వేసవిలోను పదివేలకు పైగా ఉన్నారు. (అచ్చటి వేసవి మనకు చలికాలమని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.) ఓడ తీరమునకు చేరుటకు ముందు ఆ యాత్రికులచేత ఒక వింత పని చేయింతురు. ప్రతివాడును తన కోటు జేబులను వెలుపలికి తిరుగదీసి దులుపవలెను. సంచుల కుట్లలోను, బూట్ల అడుగు గాళ్లలోను చిక్కుకొనిన గడ్డిగింజలను చిమటాతో ఏరివేయవలెను. ఆపైన బూట్లను క్రిమిసంహారక ద్రావణములో ముంచవలెను. పెంగ్విన్ పక్షులను చూడవచ్చినవానికి ఇంత తతంగమేల అని ఎవరికైనను తోచును. అందుకు సమాధానము ఆ దీవి చరిత్రలో ఉన్నది. గడచిన రెండువందల ఏబది ఏండ్లలో అచ్చటికి వచ్చిన ప్రతి ఓడయు ఏదో ఒకటి తీసికొనిపోయినది, లేక ఏదో ఒకటి వదలిపెట్టినది.

చరిత్రకు పోవుటకు ముందు భూగోళశాస్త్రమునకు సంబంధించిన ఒక ప్రశ్న. ఉత్తరార్ధగోళమున ఇదే అక్షాంశమున ఐర్లండు, ఉత్తర ఇంగ్లండు ఉన్నవి. అచ్చట పొలములు పండును, పశువులు మేయును. దక్షిణ జార్జియాలో మాత్రము హిమానీనదములు సముద్రమువరకు దిగివచ్చును. సూర్యకిరణములు రెండు చోట్లను ఒకే కోణమున పడుచుండగా ఈ భేదమెందుకు? కారణము సముద్రమే. ఐర్లండును అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహము తాకుచుండును. దక్షిణమునందు, అంటార్కిటికా ఖండము చుట్టును, నీటికి అడ్డమువచ్చు భూమి లేదు. కావున చల్లని నీరు పడమటనుండి తూర్పునకు ఎడతెగక గుండ్రముగ ప్రవహించుచుండును. ఆ చల్లని నీరు ఉత్తరమునకు వ్యాపించి, ఒక సరిహద్దువద్ద వెచ్చని నీటి క్రిందికి దిగిపోవును. దీనిని అంటార్కిటిక్ సంగమరేఖ అందురు. ఓడలోని ఉష్ణమాపకమును చూచుచున్నవారికి ఆ రేఖ దాటిన కొద్దిసేపటిలోనే నీటి ఉష్ణోగ్రత రెండుమూడు డిగ్రీలు తగ్గుట కానవచ్చును. దక్షిణ జార్జియా ఆ రేఖకు దక్షిణమున, అనగా చలివైపున ఉన్నది. కాని ఆ చల్లని నీరు బీద నీరు కాదు. అడుగునుండి పైకి వచ్చిన లవణములు అందు సమృద్ధిగా ఉండును. వానిని ఆధారము చేసికొని కంటికి కానరాని వృక్షకణములును, వానిని తిని క్రిల్ అను చిన్న రొయ్యలును, వానిని తిని తిమింగలములు, సీల్‌లు, పెంగ్విన్‌లును బ్రతుకును. ఈ దీవి అదృష్టమును దురదృష్టమును ఈ రొయ్యలోనే ఉన్నవని చెప్పవచ్చును.

లండనుకు చెందిన ఆంటొనీ డి లా రోషే అను వర్తకుడు 1675లో తుఫానుచేత దారి తప్పి ఈ దీవిని చూచెనని చెప్పుదురు. 1756లో ఒక స్పెయిను ఓడ కూడ దీనిని చూచెను. కాని ఆ కాలమున నడిసముద్రములో రేఖాంశమును సరిగా కనుగొను సాధనము లేదు. అక్షాంశము సూర్యుని ఎత్తునుబట్టి తెలియును. రేఖాంశమునకు నమ్మదగిన గడియారము కావలెను. అందుచేత లా రోషే చూచిన భూమి పటములమీద ఒక్కొక్కరి ఊహనుబట్టి ఒక్కొక్క చోట తేలియాడుచుండెను. 1775 జనవరిలో కెప్టెను కుక్ రిజల్యూషను అను ఓడలో వచ్చునప్పటికి ఆ కొరత తీరినది. హారిసన్ నిర్మించిన సుప్రసిద్ధ గడియారమునకు కెండాల్ చేసిన ప్రతిరూపము అతనివద్ద ఉండెను.

జనవరి 14వ తేదీన కుక్ బృందమువారికి దూరమున ఏదో కనబడినది. అది నేలయో మంచుదిబ్బయో తెలిసికొనుటకు కొంత కాలము పట్టినది. 17వ తేదీన కుక్ ఒక అఖాతములో దిగి, జెండా పాతి, తన రాజు మూడవ జార్జి పేరట ఆ భూమికి జార్జియా అని నామకరణము చేసి తుపాకులు పేల్పించెను. ఆ చప్పుడును వినుటకు సీల్‌లును పెంగ్విన్‌లును తప్ప వేరెవ్వరును లేరు. ఇది తాను వెదకుచున్న దక్షిణ ఖండపు అంచేమో అని అతనికి ఆశ కలిగినది. తీరము వెంట ఆగ్నేయముగా పోగా మూడునాళ్లలోనే కొస వచ్చినది. అది ఖండము కాదు, దీవి. ఆ కొసకు అతడు ‘ఆశాభంగపు అగ్రము’ అని పేరు పెట్టెను. నడివేసవిలోకూడ సముద్రపుటొడ్డువరకు మంచు పేరుకొనియుండుట, చెట్టనునది ఒక్కటియు లేకపోవుట చూచి, ఈ భూమివలన ఎవ్వరికిని ప్రయోజనముండదని అతడు నిశ్చయించెను. అయినను తీరమున సీల్‌లు విస్తారముగా ఉన్నవని తన గ్రంథములో వ్రాసెను. ఆ గ్రంథము 1777లో అచ్చుపడినది. వర్తకులు తమకు కావలసిన వాక్యమును అందు చదువుకొనిరి.

తొలి వేట ఓడ 1786లో వచ్చినది. ఫర్ సీల్‌కు రెండు తరగతుల వెండ్రుకలుండును: పైన ముదుకైన పొడవు వెండ్రుకలు, అడుగున ఒత్తుగ మెత్తగ ఉండు ఉన్ని. ఆ ఉన్నిచర్మమునకు చైనాలోని కాంటన్ రేవున మంచి గిరాకి ఉండెను. ఈ జంతువు సముద్రములో మిక్కిలి చురుకైనది. దానిని నీటిలో పట్టుట కష్టము. కాని ఈనుటకు అది తప్పక ఒడ్డునకు రావలెను. నవంబరు, డిసెంబరు నెలలలో వేలకొలది ఆడు సీల్‌లు ఒకే ఇసుకతీరమున చేరి పిల్లలను కని పాలిచ్చుచుండును. మనుష్యుడనిన భయమెరుగనివి. వేటగాండ్రకు తుపాకి కూడ అవసరము లేకపోయినది, దుడ్డుకర్రలు చాలినవి. తల్లి చచ్చిన తరువాత పిల్ల ఆకలితో చచ్చును. ఒక సీల్‌ను చంపుట అనగా రెండు తరములను చంపుట. ఎడ్మండ్ ఫానింగ్ అను అమెరికను కెప్టెను 1800–1801 వేసవి ఒక్కదానిలోనే 57,000 చర్మములు పొందెను.

1820లలో ఈ జలములలో తిరిగిన జేమ్స్ వెడెల్ తానును ఆ వ్యాపారములోనివాడే. అతడు 1825లో ప్రచురించిన గ్రంథములో, దక్షిణ జార్జియానుండి అంతవరకు పోయిన చర్మములు పండ్రెండు లక్షలకు తక్కువ కావని లెక్కగట్టెను. అప్పటికి అక్కడ ఆ జంతువు కంటికి కానరాకుండెను. అతని గ్రంథములో అంతకంటె గమనింపదగిన మాట ఇంకొకటి కలదు. దక్షిణ షెట్లండ్ దీవులలో 1821, 1822 సంవత్సరములలో 3,20,000 సీల్‌లను చంపిరనియు, తల్లులను పిల్లలు పెరుగువరకు విడిచిపెట్టియున్నచో ఏటేట ఒక లక్ష చర్మములను కలకాలము పొందియుండవచ్చుననియు అతడు వ్రాసెను. వడ్డీ తినుచు అసలు నిలుపుకొనుమను ఈ సూత్రమును చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, వేటగాడు. తెలిసియు ఎందుకు చేయలేదనగా, నేను విడిచిన సీల్‌ను రేపు వచ్చు ఓడవాడు చంపును గదా అని ప్రతివాడును తలంచెను. ఆ తీరమునకు యజమాని లేడు.

ఆ ఓడలు చర్మములు తీసికొనిపోయినవి, ఎలుకలను వదలినవి. అప్పుడు దానినెవ్వరును పట్టించుకొనలేదు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

1882లో వచ్చిన ఓడ వేరు విధమైనది. ఆ ఏడు ప్రథమ అంతర్జాతీయ ధ్రువసంవత్సరము. ధ్రువప్రాంతముల చుట్టును పలు దేశములవారు ఏకకాలమున వాతావరణమును, అయస్కాంతశక్తిని కొలుచుటకు పూనుకొనిరి. జర్మనులు దక్షిణ జార్జియాలోని మోల్ట్కె రేవున ఇండ్లు కట్టి ఒక ఏడాదికి మించి నివసించిరి. డిసెంబరు 6వ తేదీన సూర్యబింబముమీదుగా శుక్రగ్రహము దాటుటను పరిశీలించిరి. వారు నెలకొల్పిన ఆటుపోటుల కొలయంత్రము 1883 ఆగస్టు చివర విచిత్రమైన అలలను గీచినది. జావా, సుమత్రాల నడుమ క్రకటోవా అగ్నిపర్వతము పేలినప్పుడు పుట్టిన అలలవి. భూగోళమును సగము చుట్టి వచ్చినవి. మన విశాఖపట్టణపు రేవులోని కొలయంత్రము కూడ ఆ పేలుడు అలలను నమోదు చేసినది. ఎవ్వరును నివసింపని మంచుదీవియు, మన తీరమును ఒకే సంఘటనకు సాక్ష్యమిచ్చుట ముచ్చటైన విషయము.

ఇక తిమింగలముల కథ. అంతకుముందు శతాబ్దములలో వేటాడబడినవి నెమ్మదిగా ఈదునవి, చచ్చినను తేలునవి. నీలి తిమింగలము, ఫిన్ తిమింగలము అట్టివి కావు. అవి తెడ్ల పడవకు అందని వేగముతో పోవును, చచ్చినచో మునిగిపోవును. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున స్వెన్ ఫోయిన్ అను నార్వే దేశస్థుడు ఆవిరి పడవ ముందుభాగమున ఫిరంగిని బిగించి, కొనయందు పేలు గుండుగల బల్లెమును ప్రయోగించు విధానమును కనిపెట్టెను. చచ్చిన జంతువు కడుపులోనికి గొట్టముతో గాలి నింపి తేలునట్లు చేయుదురు. ఈ పనిముట్లతో ఉత్తర సముద్రములలో తిమింగలములు తరిగిపోగా నార్వేవారి చూపు దక్షిణమువైపు మరలినది.

కార్ల్ ఆంటన్ లార్సెన్ స్వీడను దేశపు పరిశోధక బృందముయొక్క ఓడకు నాయకుడుగా 1902లో దక్షిణ జార్జియాకు వచ్చెను. ఒక చక్కని రేవున పాత వేటగాండ్రు కొవ్వు కాచిన ఇనుప కాగులు తుప్పుపట్టి పడియుండుటచూచి ఆ బృందమువారు దానికి గ్రిట్వికెన్, అనగా ‘కాగుల రేవు’ అని పేరు పెట్టిరి. మరుసటి సంవత్సరము అతని ఓడ మంచులో నలిగి మునిగినది. ఆర్జెంటీనా నౌకచేత రక్షింపబడి బ్యూనస్ ఎయిరిస్ చేరిన లార్సెన్, తన అపాయముకంటె తాను చూచిన తిమింగలములను గురించియే అచ్చటి ధనికులకు ఎక్కువగా చెప్పెనని తోచును. ఏలననగా 1904లో వారి మూలధనముతో ఒక కంపెనీ ఏర్పడినది. ఆ నవంబరు 16వ తేదీన అతడు గ్రిట్వికెన్‌లో దిగి కర్మాగారమును కట్టనారంభించెను. క్రిస్‌మసుకు ముందే తొలి తిమింగలము ఒడ్డునకు వచ్చినది.

ఆ నూనె ఎవరికి కావలెను అని విద్యార్థులు అడుగవచ్చును. దీపములకు కిరసనాయిలు వచ్చి అప్పటికే చాల కాలమైనది. జవాబు రసాయనశాస్త్రములో ఉన్నది. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో విల్‌హెల్మ్ నార్మన్ అను జర్మను రసాయనజ్ఞుడు, నికెలు పొడి సమక్షమున ద్రవరూపమైన నూనెలోనికి హైడ్రోజను వాయువును పంపి దానిని గట్టి కొవ్వుగా మార్చు పద్ధతిని కనుగొనెను. మన దేశమున వేరుసెనగ మొదలగు నూనెలను వనస్పతిగా మార్చు పద్ధతి ఇదియే. దానిచేత తిమింగలపు నూనె వాసన పోయి గట్టిపడి ఐరోపాలో రొట్టెమీద పూసికొను మార్గరీనైనది, సబ్బైనది. సబ్బు తయారీలో మిగులు గ్లిసరీను, మొదటి ప్రపంచయుద్ధకాలమున, నైట్రోగ్లిసరీను అను ప్రేలుడు పదార్థమునకు ముడిసరకైనది. ప్రయోగశాలలో ఒక ఉత్ప్రేరకము కనుగొనబడుటకును, పదివేల కిలోమీటర్ల దూరమున ఒక జంతుజాతి నశించుటకును సంబంధముండునని నార్మను కలలోకూడ అనుకొనియుండడు.

తొలి సంవత్సరములలో రేవులోనికే వచ్చు మూపుర తిమింగలములను చంపిరి. అవి కొద్దియేండ్లలో తరిగిపోయినవి. పిదప నీలి తిమింగలములు, వాని వెనుక ఫిన్, కడపట సీ అను చిన్న జాతి. గ్రిట్వికెన్‌లో ఒడ్డునకు లాగిన ఒక ఆడ నీలి తిమింగలము పొడవు 33 మీటర్లకు పైగా ఉన్నట్లు నమోదైనది. 1904 నుండి 1965 వరకు ఈ ఒక్క దీవి కర్మాగారములలో కోయబడిన తిమింగలముల సంఖ్య 1,75,250. వానిలో నీలి తిమింగలములు 40,000 పైచిలుకు.

ఈ వధకు నడుమనే మంచి విజ్ఞానమును పుట్టినది. తిమింగలపు నూనెమీద విధించిన పన్నుతో బ్రిటిషువారు 1925లో ‘డిస్కవరీ’ పరిశోధనలను ప్రారంభించిరి. స్టాన్లీ కెంప్ నాయకత్వమున కొందరు యువ జీవశాస్త్రజ్ఞులు గ్రిట్వికెన్ ప్రక్కనే ప్రయోగశాల పెట్టుకొని, కోతబల్లమీదికి వచ్చిన ప్రతి జంతువు పొడవును కొలిచి, కడుపును, అండాశయమును పరీక్షించిరి. తిమింగలము అండాశయమున ప్రతి అండమును ఒక మచ్చను వదలును; ఆ మచ్చ చెరిగిపోదు. మచ్చలు లెక్కించినచో ఆ తల్లి ఎన్ని పర్యాయములు గర్భధారణకు సిద్ధపడినదో తెలియును. రెండుమూడేండ్లకు ఒక్క పిల్లను మాత్రమే కనునట్టి జంతువు ఈ వేటకు తట్టుకొనజాలదని తేలినది. సముద్రమున వారి ఓడలు క్రిల్ జీవితమును, సంగమరేఖ ఉనికిని విశదపరచినవి. క్రిల్‌పై 1962లో బృహద్గ్రంథము ప్రకటించిన జేమ్స్ మార్, బాలుడుగా స్కౌటు దుస్తులలో షాకిల్టన్ కడపటి యాత్రకు వెళ్లినవాడు. ఆ యాత్రలోనే 1922 జనవరి 5వ తేదీన షాకిల్టన్ గ్రిట్వికెన్ రేవున ఓడలో మరణించెను.

షాకిల్టన్ పేరు వచ్చినది గావున రెండు మాటలు. 1916లో అతడు చిక్కుబడిన తన మనుష్యులకొరకు ఏడు మీటర్ల పొడవైన చిన్న పడవలో ఎలిఫెంటు దీవినుండి బయలుదేరి పదునారు దినములకు దక్షిణ జార్జియా చేరిన కథ ప్రసిద్ధమే. మబ్బుల సందున సూర్యుడు కనబడిన నాలుగే సందర్భములలో సెక్స్టెంటుతో ఎత్తు కొలిచి, వర్స్‌లీ సుమారు 1,300 కిలోమీటర్ల దారిని లెక్కవేసిన సంగతిని త్రికోణమితి చెప్పు ఉపాధ్యాయులు తరగతిలో తప్పక చెప్పవలెను. వారు దిగినది దీవికి నిర్జనమైన వైపున, కర్మాగారములు ఆవలివైపున. ముగ్గురు మనుష్యులు, పటములో లేని పర్వతములను ముప్పదియారు గంటలలో దాటి మే 20వ తేదీన స్ట్రామ్నెస్ చేరిరి. నేటి యాత్రికులలో అనేకులు షాకిల్టన్ సమాధిని చూచుటకే వత్తురు.

మరల వేటకు వత్తము. ఒకే దీవిలో, ఒకే కంపెనీ చేతిలో, రెండు జంతువులకు రెండు గతులు పట్టుట నా ఉద్దేశమున ఈ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైన విషయము. ఏనుగు సీల్‌ను కూడ నూనెకొరకు చంపుచుండిరి. కాని దానికి లైసెన్సు విధానముండెను. పెద్ద మగవానిని మాత్రమే చంపవలెను. తీరమును భాగములుగ విభజించి ఏటేట ఒక భాగమును విడువవలెను. 1950 ప్రాంతమున రిచర్డ్ లాస్ అను జీవశాస్త్రజ్ఞుడు, చెట్టు కాండములోని వలయములవలె సీల్ పంటిలోను ఏటికొక వలయము ఏర్పడునని చూపెను. చంపిన జంతువుల పండ్లు కోసి వయస్సు లెక్కించి, ఎక్కడ ఎక్కువగా చంపుచున్నారో అతడు చెప్పగా, సంఖ్యను సరిచేసిరి. వేట ఆగునాటికి ఏనుగు సీల్‌లు లక్షలలోనే ఉండెను. అదే శాస్త్రజ్ఞానము తిమింగలమునకును ఉండెను, అక్కరకు రాలేదు. 1925నుండి వెనుకభాగమున జారుడుబల్ల గల తేలియాడు కర్మాగారములు వచ్చినవి. వానికి రేవు అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, పన్ను లేదు. సీల్ ఒకని ఒడ్డున పండుకొనును. తిమింగలము ఎవ్వరిదియుకాని సముద్రములో తిరుగును.

1946లో అంతర్జాతీయ ఒప్పందము వచ్చినను లెక్కలోనే దోషముండెను. ‘నీలి తిమింగలపు కొలమానము’ అని ఒకటి పెట్టిరి: ఒక నీలి తిమింగలము, రెండు ఫిన్‌లు, రెండున్నర మూపుర తిమింగలములు, ఆరు సీ తిమింగలములు సమానము. అన్ని జాతులకు కలిపి ఒకే మొత్తము నిర్ణయించిరి. ఎంత నూనె వచ్చునో దానినిబట్టి ఇది సరియే. కాని అంత్యదశలో ఉన్న జాతిని విడిచిపెట్టుటకు ఇందు ఏ కారణమును లేదు. ఒక్క గుండుతో పని తీరునుగదా అని పెద్దదానినే ముందు కొట్టుదురు. నూనెను కొలిచిరిగాని జంతువులను లెక్కపెట్టలేదు. 1965లో దక్షిణ జార్జియా కర్మాగారములలో కడపటిది మూతపడినది. వేటను ఎవ్వరును నిషేధింపలేదు. చంపుటకు ఏమియు మిగులలేదు.

మూతపడిన మరుసటి యేటనే, అనగా 1966లో, లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ అను స్వీడిష్-అమెరికను వ్యాపారి, డబ్బిచ్చినవారిని అంటార్కిటికాకు తీసికొనిపోవుట మొదలుపెట్టెను. 1969లో ఈ పనికే ఒక చిన్న ఓడను కట్టించెను. ఓడలో ప్రకృతిశాస్త్రజ్ఞులు ఉపన్యాసములిత్తురు; యాత్రికులు రబ్బరు పడవలలో ఒడ్డున దిగి నడుతురు. నేటికిని విహారనౌకలు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. ఆ తొలి ఓడయే 2007 నవంబరులో దక్షిణ షెట్లండ్ దీవులవద్ద మంచుకు తగిలి మునిగినది. అందున్న 154 మందియు బ్రతికి బయటపడుట ఆ దినమున గాలి నెమ్మదిగా ఉండుటవలననే. దక్షిణ జార్జియాకు సంబంధించినంతవరకు, 500 మందికి మించి యాత్రికులున్న ఓడను అనుమతింపరు. ఒక రేవున ఒకేసారి 100 మందికి మించి దిగరాదు.

ఇప్పుడు ఎలుకల సంగతి. దీవిలో చెట్లు లేవు గనుక అనేక పక్షులు నేలలో బొరియ చేసికొని గ్రుడ్లు పెట్టును. ప్రపంచములో మిక్కిలి దక్షిణమున నివసించు పాటపిట్ట, దక్షిణ జార్జియా పిపిట్, గడ్డిదుబ్బులలో నేలపై గూడు కట్టును. ఎలుకలు ఈ గ్రుడ్లను, పిల్లలను తిని ఈ జాతులను ప్రధాన దీవినుండి చాలవరకు తరిమివేసినవి. పిపిట్ ఎలుకలు చేరని చిన్న చిన్న లంకలలో మాత్రము మిగిలినది. ఇట్లు రెండు శతాబ్దములు జరిగినది. అయితే ఎలుకలకును ఒక అడ్డు ఉండెను. సముద్రములోనికి దిగు హిమానీనదములు గోడలవలె దీవిని గదులుగా విభజించినవి. ఒక గదిలోని ఎలుక రెండవ గదిలోనికి పోజాలదు.

ఇచ్చటనే భూతాపము కథలోనికి వచ్చుచున్నది. తీరమువరకు వచ్చు 103 హిమానీనదములను పరిశీలింపగా 1950లనుండి వానిలో 97 శాతము వెనుకకు తగ్గినట్లు తేలినది. గోడలు కరగినచో ఎలుకలు మిగిలిన భాగములకును ప్రాకును; అంతేగాక, అన్ని గదులును ఒకటైనపుడు దీవినంతటిని ఒకేసారి శుద్ధిచేయవలెను; అది మానవసాధ్యము కాదు. గది గదిగా చేయుటకు వ్యవధి తక్కువగా ఉన్నది. స్కాట్లండుకు చెందిన ఒక ధర్మనిధి సంస్థ ఈ పనికి పూనుకొని 2011, 2013, 2015 సంవత్సరములలో హెలికాప్టర్లతో విషపు గుళికలను వెదజల్లించినది. అందలి బ్రోడిఫాకమ్ అను మందు, రక్తము గడ్డకట్టుటకు అవసరమైన కె విటమిను పనిని అడ్డుకొనును. ఒక్క ఎలుకల జంట మిగిలినను శ్రమయంతయు వ్యర్థమే కనుక ఏ మూలను విడువరాదు. కొన్ని స్కువా పక్షులు, బాతులు కూడ విషమునకు చచ్చినవి. ఆ నష్టమును తెలిసియే అంగీకరించిరి, పిదప అవి కోలుకొనినవి. ఖర్చులో కొంత భాగము, హెక్టారుకు ఇంతయని చందా ఇచ్చిన విహారయాత్రికులదే.

రెయిన్‌డీర్‌లను కూడ తొలగింపవలసివచ్చెను. 1911లో నార్వేవారు మాంసమునకును వేటవినోదమునకును తెచ్చి వదలిన కొద్ది జంతువులు వేలైనవి. గడ్డిదుబ్బులను మేసి మొదలంట త్రొక్కినవి. అవి ఉన్నచో విషపు గుళికలను ముందుగా అవియే తినివేయును. 2013నుండి రెండు వేసవులలో ఆరువేలకు పైగా జంతువులను నిర్మూలించిరి. ఆ పనిలో ఉత్తర నార్వేనుండి వచ్చిన సామీ కాపరులు సాయపడిరి. తరువాత 2017–18 వేసవిలో వాసన పట్టు కుక్కలతో దీవినంతయు గాలించిరి. ఒక్క ఎలుక ఆనవాలును దొరకలేదు. 2018 మే నెలలో దీవి ఎలుకలు లేనిదని ప్రకటించిరి. పిపిట్ పిట్టలు తాము విడిచిపోయిన తీరములలో మరల గూళ్లు కట్టుచున్నవి. యాత్రికుల సంచులను దులిపించుట ఇందుకే. గర్భముతో ఉన్న ఒక్క ఎలుక ఓడ త్రాడుమీదుగా దిగినచో నూరుకోట్ల రూపాయలకు తగ్గని పని మొదటికి వచ్చును.

ఫర్ సీల్‌లును తిరిగివచ్చినవి. 1930లలో వాయవ్యపు కొనయందలి బర్డ్ దీవివద్ద చిన్న గుంపు కనబడినది. దానినుండియే కొన్ని లక్షలుగా పెరిగి తీరములు నిండినవి. క్రిల్‌ను తిను తిమింగలములు పోవుటచేత సీల్‌లకు మేత ఎక్కువైనదని కొందరు శాస్త్రజ్ఞుల వాదము. ఇటీవలి కాలమున బర్డ్ దీవిలో వాని సంఖ్య మరల తగ్గుచున్నది. సముద్రము వేడెక్కి క్రిల్ దొరకు తీరు మారుటయే అందుకు కారణమని అచ్చటి పరిశోధకుల అభిప్రాయము. తిమింగలములలో మూపురజాతి బాగుగా కోలుకొనినది. నీలి తిమింగలమైతే 1998నుండి 2018వరకు జరిపిన ప్రత్యేక పరిశీలనలలో ఒక్కసారి మాత్రమే కనబడియుండగా, 2020లో 36 పర్యాయములు, మొత్తము 55 కనబడినవి. నలుబదివేలు చచ్చినచోట ఏబదియైదు.

ఇంత జాగ్రత్త పడుచుండగా 2023 అక్టోబరులో బర్డ్ దీవిలోని స్కువా పక్షులలో హెచ్5ఎన్1 అను పక్షిజ్వరము కనబడినది. దీనిని ఏ ఓడయు తేలేదు. దక్షిణ అమెరికాలో తిరిగివచ్చు పక్షులే మోసికొనివచ్చినవని భావించుచున్నారు. 2024 జనవరికి అది ఏనుగు సీల్‌లకును, ఫర్ సీల్‌లకును సోకినట్లు పరీక్షలలో తేలినది. యాత్రికులు దిగు తీరములు కొన్నిటిని మూసివేసిరి. నౌకలు వచ్చుచునే ఉన్నవిగాని ఆయా చోట్ల యాత్రికులు పడవలోనుండియే చూడవలసివచ్చెను. మనుష్యులు లేని చిన్న విమానములతో ఛాయాచిత్రములు తీసి మూడు పెద్ద తీరములలోని ఆడ ఏనుగు సీల్‌లను లెక్కింపగా, 2022నకు 2024నకు నడుమ ఈనవచ్చినవాని సంఖ్య 47 శాతము తగ్గినది. వీనిలో ఎన్ని చచ్చినవి, ఎన్ని ముందటి యేట పిల్లలు చచ్చి కలత చెంది ఆ వేసవికి ఒడ్డునకు రాక సముద్రములోనే ఉండిపోయినవి అనునది ఛాయాచిత్రము చెప్పజాలదు. సముద్రములో ఉన్నవైనచో రాబోవు అక్టోబరులలో తిరిగి వచ్చును. అందుచేత ప్రతి యేట ఈనుకాలము పరాకాష్ఠకు వచ్చు ఆ కొద్ది దినములలో, అవే మూడు తీరములపై, అదే ఎత్తునుండి మరల మరల లెక్కింపవలసియున్నది.